చూపు లేని ఇంజనీరు, నిలకడ నేర్చిన కారు: రాల్ఫ్ టీటర్ జీవితం

జాతీయ రహదారిపై దూర ప్రయాణం చేసేటప్పుడు యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా కారు అదే వేగంతో సాగిపోయే సదుపాయం నేడు ఎందరికో పరిచితం. క్రూయిజ్ కంట్రోల్ అనే ఈ ఏర్పాటును రూపొందించిన ఇంజనీరు రాల్ఫ్ టీటర్‌కు ఐదేళ్ల వయసు దాటినప్పటి నుంచి కంటిచూపు లేదు. ఆ పరికరం అమర్చిన కారును ఆయన స్వయంగా నడిపే అవకాశం లేదు. ప్రయాణికుడిగా పక్క సీటులో కూర్చుని, శరీరానికి తెలిసిన కుదుపుల ఆధారంగానే కారు నడకలోని లోపాన్ని ఆయన కనిపెట్టారు. ఆయన పరిష్కరించిన సమస్య ఒక్క కారుకు సంబంధించినది. దాని వారసత్వంగా వచ్చిన అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్ ఇప్పుడు మొత్తం రహదారి ప్రవాహాన్నే ప్రభావితం చేసే స్థాయికి చేరింది. అది ప్రవాహాన్ని నిలకడగా ఉంచుతుందా, లేక మరింత అస్థిరం చేస్తుందా అన్నది నేటి రవాణా శాస్త్రజ్ఞుల ముందున్న ప్రశ్న.

హేగర్స్‌టౌన్ బాలుడు

రాల్ఫ్ రో టీటర్ 1890 ఆగస్టు 17న అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో హేగర్స్‌టౌన్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. టీటర్లది యంత్రాలతో పెనవేసుకున్న కుటుంబం. పెదతండ్రులు, పినతండ్రులు, వారి పిల్లలు అందరూ ఏదో ఒక రూపంలో లోహపు పనిలో ఉండేవారు. రైలు పట్టాల మీద తొక్కుకుంటూ వెళ్లి పట్టాలను తనిఖీ చేసే సైకిల్‌ను ఆ కుటుంబానికి చెందిన చార్లెస్ టీటర్ రూపొందించారు. దానిని తయారుచేయడానికి 1895లో ప్రారంభించిన చిన్న కర్మాగారమే తరువాతి వ్యాపారాలన్నిటికీ మూలం.

ఐదేళ్ల వయసులో రాల్ఫ్ ఒక సొరుగును తెరిచే ప్రయత్నంలో కత్తి జారి ఒక కంటికి తీవ్ర గాయమైంది. ఒక కంటికి గాయమైనప్పుడు అరుదుగా రెండో కన్ను కూడా దెబ్బతింటుంది. రాల్ఫ్ విషయంలో అదే జరిగింది. దాదాపు ఏడాది లోపే రెండు కళ్ల చూపూ పోయింది.

తల్లిదండ్రులు ఆ దుఃఖాన్ని ఇంటి నియమంగా మారనివ్వలేదు. చూపున్న పిల్లవాడిని ఎలా పెంచుతారో అలాగే అతడిని పెంచారు. కర్మాగారంలోకి వెళ్లవద్దని, పనిముట్లు ముట్టవద్దని ఆంక్షలు పెట్టలేదు. వస్తువులను తడిమి వాటి రూపాన్ని మనసులో నిలుపుకోవడం, శబ్దాన్ని బట్టి యంత్రం స్థితిని గ్రహించడం ఆ బాలుడికి అలవాటయ్యాయి. పన్నెండేళ్ల వయసులో, 1902లో, పినతండ్రి కుమారుడితో కలిసి ఒక చిన్న మోటారు కారును తయారుచేశాడు. అది గంటకు సుమారు 40 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తేది. మోటారు కార్లే అరుదైన ఆ రోజుల్లో, చూపు లేని బాలుడు కారు నిర్మించాడన్న వార్త పత్రికలకు ఎక్కింది.

తలుపు తెరిచిన విశ్వవిద్యాలయం

ఇంజనీరింగ్ చదవాలన్న కోరిక సులువుగా నెరవేరలేదు. గీసిన బొమ్మలను చూడలేని విద్యార్థి యాంత్రిక శాస్త్రం ఎలా నేర్చుకోగలడన్న సందేహంతో కొన్ని విద్యాసంస్థలు ఆయనను చేర్చుకోలేదు. అప్పటికే పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తున్న బంధువు నీవా డియర్‌డార్ఫ్ సహాయంతో అక్కడ ప్రవేశం దొరికింది. పాఠ్యగ్రంథాలను ఇతరులు చదివి వినిపిస్తే ఆయన గుర్తుంచుకునేవారు. లెక్కలను మనసులోనే చేసేవారు. 1912లో మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా పొంది హేగర్స్‌టౌన్‌కు తిరిగి వచ్చారు.

మొదటి ప్రపంచ యుద్ధం ఆయన ప్రతిభకు పరీక్ష పెట్టింది. న్యూజెర్సీ రాష్ట్రం కామ్డెన్‌లోని న్యూయార్క్ షిప్‌బిల్డింగ్ సంస్థ అమెరికా నౌకాదళానికి విధ్వంసక నౌకలను నిర్మిస్తోంది. ఆ నౌకల ఆవిరి టర్బైన్లలోని చక్రభాగాలను సమతూకంలో ఉంచడం క్లిష్టమైన పనిగా మారింది. అతి వేగంగా తిరిగే చక్రంలో ఒక పక్క బరువు కొద్దిగా ఎక్కువైనా, ఆ చిన్న తేడా తిరిగేకొద్దీ పెద్ద కంపనంగా మారుతుంది. చివరికి యంత్రాన్నే దెబ్బతీస్తుంది. చేతి స్పర్శతో కంపనాన్ని పసిగట్టగల టీటర్ ఆ పనిని విజయవంతంగా పూర్తిచేశారు. చిన్న అస్థిరతను మొదట్లోనే అణచకపోతే అది తనంతట తాను పెరుగుతుందన్న పాఠం ఆ పనిలోనే ఇమిడి ఉంది.

1922లో ఆయన నెల్లీ వాన్ ఆంట్‌వెర్ప్‌ను వివాహం చేసుకున్నారు. వారి ఏకైక కుమార్తె మార్జరీ అనంతర కాలంలో తండ్రి జీవిత చరిత్రను రాశారు.

పిస్టన్ రింగుల సంస్థకు అధిపతి

కుటుంబ కర్మాగారం రైలు సైకిళ్ల నుంచి మోటారు ఇంజన్లకు, ఇంజన్ల నుంచి పిస్టన్ రింగులకు మారింది. ఇంజను సిలిండర్‌లో పైకీ కిందికీ కదిలే పిస్టన్ చుట్టూ బిగుతుగా అమరే లోహపు వలయాలే పిస్టన్ రింగులు. అవి సరిగా కుదరకపోతే ఇంజను శక్తి కోల్పోతుంది, ఇంధనం వృథా అవుతుంది. పర్ఫెక్ట్ సర్కిల్ పేరుతో ఆ సంస్థ అమెరికాలో ప్రముఖ పిస్టన్ రింగుల తయారీదారుగా ఎదిగింది. టీటర్ అక్కడ ఇంజనీరింగ్ విభాగానికి నాయకత్వం వహించి, 1946లో అధ్యక్షుడై, 1957 వరకు ఆ బాధ్యతలో కొనసాగారు.

అంతకు ముందే, 1936లో, అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘానికి ఆయన అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. మోటారు వాహన పరిశ్రమలోని అగ్రశ్రేణి ఇంజనీర్లు తమ సంఘాన్ని నడిపే బాధ్యతను చూపులేని సహచరుడికి అప్పగించడం ఆయన వృత్తిగౌరవానికి నిదర్శనం. అంధత్వాన్ని ఆయన గొప్పగా చెప్పుకోలేదు, సాకుగా చూపలేదు. గేర్లు మార్చే యంత్రాంగం మొదలుకొని చేపల వేటకు ఉపయోగపడే పరికరం వరకు ఆయన ఆలోచనలు సాగాయి.

కుదుపుల నుంచి పుట్టిన ఆలోచన

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1942లో, రబ్బరునూ ఇంధనాన్నీ పొదుపు చేయడానికి అమెరికా ప్రభుత్వం రహదారులపై గంటకు 35 మైళ్ల, అంటే సుమారు 56 కిలోమీటర్ల వేగ పరిమితి విధించింది. కారు నడిపేవారు అందరూ ఒకే నిలకడ వేగంతో సాగితే భద్రతకు మేలని టీటర్ భావించారు. కానీ మనిషి కాలికి ఆ నిలకడ లేదని ఆయనకు స్వానుభవంలో తెలుసు. ఆయన పేటెంట్ వ్యవహారాలు చూసే న్యాయవాది కారు నడుపుతూ మాట్లాడేటప్పుడు వేగం తగ్గించేవారు, ఎదుటివారి మాట వినేటప్పుడు పెంచేవారు. చూపున్న ప్రయాణికుడికి కిటికీ బయటి దృశ్యంలో ఆ తేడా కలిసిపోయేది. టీటర్‌కు మాత్రం ప్రతి మార్పూ ఒంటికి తగిలేది.

దానితో ఆయన వేగాన్ని నియంత్రించే పరికరంపై పని ప్రారంభించారు. మూలసూత్రం కొత్తది కాదు. ఆవిరి యంత్రం వేగాన్ని నిలకడగా ఉంచడానికి జేమ్స్ వాట్ పద్దెనిమిదో శతాబ్దంలోనే తిరిగే గుండ్లతో కూడిన గవర్నర్‌ను వాడారు. టీటర్ ఆ సూత్రాన్ని కారుకు తగినట్లు మలిచారు. డ్రైవర్ తనకు కావలసిన వేగాన్ని డ్యాష్‌బోర్డు మీది మీటతో ఎంచుకుంటాడు. చక్రాలను తిప్పే ఇరుసుతో పాటు తిరిగే గవర్నర్, కారు ఆ వేగాన్ని చేరగానే స్ప్రింగ్ బిగువును అధిగమిస్తుంది. అప్పుడు గాలి ఒత్తిడి తేడాతో పనిచేసే పిస్టన్ ఒకటి యాక్సిలరేటర్ పెడల్‌ను వెనక్కి నెడుతుంది. కాలికి ఎదురొత్తిడి తగలగానే డ్రైవర్‌కు హద్దు తెలిసిపోతుంది.

అంటే మొదటి రూపంలో ఇది డ్రైవర్ స్థానాన్ని ఆక్రమించే యంత్రం కాదు, హెచ్చరించే యంత్రం మాత్రమే. 1948లో దాఖలు చేసిన దరఖాస్తుపై 1950 ఆగస్టు 22న పేటెంట్ మంజూరైంది. ఆ తరువాత ఎంచుకున్న వేగం వద్ద పెడల్‌ను నిలిపి ఉంచే ఏర్పాటు, బ్రేక్ తాకగానే అది విడిపోయే ఏర్పాటు చేరాయి. అక్కడి నుంచి కారు తన వేగాన్ని తానే నిలుపుకోవడం మొదలైంది. కంట్రోల్‌మాటిక్, టచోమాటిక్, ప్రెసోమాటిక్ వంటి పేర్లను పరిశీలించిన తరువాత ఆ పరికరానికి స్పీడోస్టాట్ అన్న పేరు స్థిరపడింది.

1958 నమూనా కార్లలో క్రైస్లర్ సంస్థ దీనిని ఆటో పైలట్ పేరుతో తన ఖరీదైన శ్రేణిలో ప్రవేశపెట్టింది. మరుసటి ఏడాది క్యాడిలాక్ వాడిన క్రూయిజ్ కంట్రోల్ అన్న పేరే లోకంలో నిలిచింది. 1973లో తలెత్తిన చమురు సంక్షోభం, ఆ వెంటనే 1974లో అమెరికా అంతటా అమలైన 55 మైళ్ల వేగ పరిమితి ఈ పరికరానికి కొత్త గిరాకీ తెచ్చాయి. విలాసవస్తువుగా మొదలైనది ఇంధనం ఆదా చేసే సాధనంగా గుర్తింపు పొందింది.

రాల్ఫ్ టీటర్ 1982 ఫిబ్రవరి 15న, 91 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆరేళ్ల తరువాత, 1988లో, అమెరికా ఆటోమోటివ్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన పేరును తన గౌరవ జాబితాలో చేర్చింది. ఇంజనీరింగ్ బోధించే యువ అధ్యాపకులకు ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం ఆయన పేరిట పురస్కారం అందజేస్తోంది.

ఒక కారు నుంచి కార్ల బారుకు

టీటర్ పరికరానికి ఒక పెద్ద పరిమితి ఉంది. తన వేగం తప్ప దానికి మరేమీ తెలియదు. ముందున్న వాహనం నెమ్మదించినా అది అదే వేగంతో సాగుతుంది. అందుకే ఖాళీ రహదారిపై అది వరం, రద్దీలో నిరుపయోగం.

ఆయన పరికరం మార్కెట్లోకి వచ్చిన 1958లోనే జనరల్ మోటార్స్ పరిశోధనశాలకు చెందిన రాబర్ట్ హెర్మన్, ఆయన సహచరులు ఒక కీలక పరిశోధన ప్రచురించారు. ఒకదాని వెనుక ఒకటి సాగే కార్ల బారులో ఒక్క డ్రైవర్ చేసిన చిన్న మార్పు వెనుకవారికి ఎలా చేరుతుందో వారు లెక్కకట్టారు. ముందు కారు కొద్దిగా నెమ్మదిస్తే, వెనుక డ్రైవర్ దానిని గమనించి స్పందించడానికి కొంత సమయం పడుతుంది. ఆ ఆలస్యాన్ని పూడ్చడానికి అతడు మరికొంచెం గట్టిగా బ్రేక్ వేస్తాడు. అతడి వెనుక ఉన్నవాడు ఇంకా గట్టిగా వేస్తాడు. ఇలా పెరుగుతూ పోతే, మొదటి కారు వేగం కాస్త తగ్గిన చోట చివరి కారు పూర్తిగా ఆగిపోవలసి వస్తుంది. కుదుపు వెనక్కి వెళ్లేకొద్దీ తగ్గితే ఆ బారు స్థిరమైనది, పెరిగితే అస్థిరమైనది. టర్బైన్ చక్రంలో టీటర్ వేళ్లకు తెలిసిన కంపనం వంటిదే ఇక్కడ రహదారి పొడవునా పాకుతుంది.

జపాన్ పరిశోధకులు దీనిని కళ్లకు కట్టారు. వారు 230 మీటర్ల చుట్టుకొలత గల వలయంలో 22 కార్లను సమాన దూరంలో నిలిపి, గంటకు సుమారు 30 కిలోమీటర్ల వేగంతో నిలకడగా నడపమన్నారు. అక్కడ సిగ్నల్ లేదు, మలుపు దారి లేదు, ప్రమాదం లేదు. అయినా కొంతసేపటికే కార్లు ఒకచోట గుమిగూడి ఆగసాగాయి. ఆ రద్దీ అల గంటకు సుమారు 20 కిలోమీటర్ల వేగంతో కార్లు వెళ్లే దిశకు ఎదురుగా కదిలింది. 2008లో ప్రచురితమైన ఈ ప్రయోగం, ఏ కారణమూ కనిపించకుండానే రహదారులపై ఏర్పడే రద్దీకి కారణం చూపింది. మనుషుల స్పందనలోని చిన్న చిన్న తేడాలే అందుకు చాలు.

యంత్రం పెడితే తీరేదా

మనిషి ఆలస్యమే సమస్య అయితే, అలసిపోని యంత్రం దానిని తీర్చాలి. ఆ ఆశతో వచ్చినదే అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్. 1995లో మిత్సుబిషి లేజర్ సాయంతో, 1999లో మెర్సిడెస్ బెంజ్ రాడార్ సాయంతో ముందున్న వాహనపు దూరాన్ని కొలిచే కార్లను మార్కెట్లోకి తెచ్చాయి. ముందు కారు నెమ్మదిస్తే ఈ వ్యవస్థ తన వేగాన్ని తగ్గిస్తుంది, దారి ఖాళీ అయితే తిరిగి పెంచుతుంది. భారతదేశంలో విక్రయమవుతున్న కొన్ని కార్లలోనూ ఇప్పుడు ఈ సదుపాయం ఉంది.

అయితే ఫలితం అనుకున్నంత సరళంగా లేదు. రాడార్ కొలిచిన దూరాన్ని సరిచూసుకోవడానికి, ఆదేశం ఇంజనుకూ బ్రేకులకూ చేరి కారు నిజంగా నెమ్మదించడానికి కొంత సమయం పడుతుంది. ముందు కారుకూ తనకూ మధ్య విడిచే ఎడం ఆ ఆలస్యానికి తగినంత లేకపోతే, యంత్రం కూడా మనిషిలాగే ఎక్కువగా బ్రేక్ వేయవలసి వస్తుంది. 2019లో అమెరికా పరిశోధకులు మార్కెట్లో అమ్ముడవుతున్న ఏడు కారు నమూనాలను రహదారిపై పరీక్షించారు. ఆ ఏడింటి వ్యవస్థలూ కుదుపును తగ్గించకుండా వెనుకకు పెంచి పంపే స్వభావం కలవేనని తేలింది. ఐరోపాలో కార్ల బారులతో చేసిన పరీక్షలూ ఇటువంటి ధోరణినే చూపాయి.

మరి ఎడం పెంచితే సరిపోదా? అక్కడ మరో చిక్కు ఉంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 28 మీటర్లు కదులుతుంది. రెండు సెకన్ల ఎడం అంటే సుమారు 56 మీటర్ల ఖాళీ. కారు పొడవు 5 మీటర్లు అనుకుంటే, ఆ లెక్కన ఒక వరుసలో గంటకు దాదాపు 1,650 కార్లు మాత్రమే వెళ్లగలవు. ఎడాన్ని ఒక సెకనుకు తగ్గిస్తే ఆ సంఖ్య 3,000 దాటుతుంది. దగ్గరగా నడిపితే దారి ఎక్కువ మందికి చాలుతుంది, కానీ కుదుపు పెరుగుతుంది. దూరంగా నడిపితే కుదుపు తగ్గుతుంది, కానీ దారి చాలదు. పైగా పెద్ద ఖాళీ కనిపిస్తే పక్క వరుసలోని కారు అందులోకి చొరబడుతుంది, దానితో మళ్లీ బ్రేక్ తప్పదు.

ఈ చిక్కుకు ఒక మార్గం కార్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకోవడం. 1997లో కాలిఫోర్నియాలోని శాన్ డియేగో వద్ద ఎనిమిది కార్లు వైర్‌లెస్ సంకేతాలతో అనుసంధానమై, 6.5 మీటర్ల ఎడంతో బారుగా సాగి చూపాయి. బారు ముందున్న కారు బ్రేక్ వేసిన సంగతి చివరి కారుకు వెంటనే తెలిస్తే, కుదుపు వరుసగా పెరిగే అవకాశం ఉండదు. కానీ రోడ్డుపై ఉన్న కార్లన్నీ అలా మాట్లాడుకునే రోజు ఇంకా రాలేదు.

రెండో మార్గం మరింత ఆసక్తికరం. అమెరికాలోని అరిజోనాలో జరిగి 2018లో ప్రచురితమైన ప్రయోగంలో, ఇరవైకి పైగా కార్లు వలయంలో తిరుగుతుండగా ఒక్క కారు వేగాన్ని మాత్రం కంప్యూటర్ నియంత్రించింది. ముందున్నవారు ఆగినప్పుడల్లా ఆగి, కదిలినప్పుడల్లా దూకకుండా, అది సగటు వేగంతో నిదానంగా సాగింది. ఆ ఒక్క కారు వల్లే రద్దీ అలలు సద్దుమణిగాయి. మొత్తం కార్ల ఇంధన వినియోగం 40 శాతం వరకు తగ్గింది. 2022 నవంబరులో టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్ దగ్గర రద్దీ వేళ రహదారిపైకి 100 వాహనాలను పంపి ఇదే ఆలోచనను నిజమైన ట్రాఫిక్‌లో పరీక్షించారు. ఆ వాహనాల్లోని అడాప్టివ్ క్రూయిజ్ కంట్రోల్‌ను ఈ ప్రయోగానికి అనువుగా మార్చారు. క్రూయిజ్ కంట్రోల్ అన్న పేరును లోకానికి ఇచ్చిన క్యాడిలాక్ సంస్థ వాహనాలూ వాటిలో ఉన్నాయి.

ఈ ప్రయోగాలన్నీ ఒక విషయాన్ని స్పష్టం చేస్తున్నాయి. యంత్రం ఉండటమే నిలకడకు హామీ కాదు. ముందు కారును మాత్రమే చూసి దానిని అనుకరించే యంత్రం మనిషి లోపాన్నే తిరిగి చేస్తుంది. వెనుక ఉన్న బారును కూడా లెక్కలోకి తీసుకునేలా రూపొందించిన యంత్రం రహదారికి మేలు చేస్తుంది. ఆ నిర్ణయం కార్ల తయారీ సంస్థల నియంత్రణ సూత్రాల్లోనూ, కొంతవరకు ఎడాన్ని ఎంచుకునే డ్రైవర్ చేతిలోనూ ఉంది.

రాల్ఫ్ టీటర్ కార్ల బారుల గణితాన్ని రాయలేదు, రాడార్ కార్లను చూడలేదు. ఒకరి కాలి కదలిక మరొకరి ఒంటికి కుదుపుగా తగులుతుందన్న సంగతిని మాత్రం ఆయన ఆ కాలంలోని ఎందరికన్నా స్పష్టంగా గ్రహించారు. ఆ కుదుపు పక్క సీటుతో ఆగదని, మైళ్ల దూరం వెనక్కి ప్రయాణిస్తుందని తరువాతి తరాలు నిరూపించాయి. కారులో కూర్చున్న మనిషికి ఆయన తెచ్చిన సౌఖ్యాన్ని రహదారిపై వెళ్లే అందరికీ అందించే పని ఇంకా పూర్తి కాలేదు.